పోలే పోలే: కిలిమంజారో దారిలో ఏడు రోజులు



మీలో చాలామంది తిరుమల కొండ నడిచి ఎక్కే ఉంటారు. అలిపిరి దగ్గర మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, గోవిందా అంటూ బయల్దేరతాం. మొదటి వంద మెట్లూ అందరికీ పరుగే. ముఖ్యంగా కుర్రవాళ్ళకి. గాలిగోపురం చేరేసరికి ఆ పరుగు నడకవుతుంది. మోకాళ్ళ పర్వతం దగ్గరికి వచ్చేసరికి మనల్ని దాటి దూసుకుపోయిన కుర్రాడు మెట్టు మీద కూలబడి ఆయాసపడుతుంటాడు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలమ్మ వస్తుంది. హడావుడి ఉండదు. మెట్టు మెట్టుకీ బొట్టు పెట్టుకుంటూ, వంగి లేస్తూ, అదే నడకతో అతన్ని దాటుకుని వెళ్ళిపోతుంది.

ఆ ముసలమ్మను మనసులో ఉంచుకోండి. ఇవాళ నేను చెప్పబోయే కొండ మీద ఆమెలా నడవడం నేర్పడానికే ఒక మనిషిని మన ముందు నడిపిస్తారు.

ఆ కొండ కిలిమంజారో. టాంజానియా దేశంలో ఉంది. ఆఫ్రికా ఖండం మొత్తంలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. ఎత్తు 5,895 మీటర్లు. అంటే తిరుమల కొండ మీద తిరుమల కొండ, అలా ఆరు కొండలు పేరిస్తే ఎంతవుతుందో దాదాపు అంత. చాలాకాలంగా నిద్రపోతున్న అగ్నిపర్వతం అది. దాని మీదికి తాళ్ళు పట్టుకుని వేలాడుతూ పోవక్కర్లేదు. నడిచే వెళ్ళొచ్చు. యాభై దాటిన బడిపంతులమ్మను, నేనే నడిచి వెళ్ళాను.

నాకు ఆ కొండ మీదికి మనసు పోవడానికి కారణం మా నెల్లూరు జిల్లా మనిషే. మల్లి మస్తాన్‌బాబు గారు. సంగం మండలంలో గాంధీజనసంగం ఆయన ఊరు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కేశారు. ఆ ఏడింటిలో కిలిమంజారో ఒకటి. 2015లో ఆయన ఆండీస్ పర్వతాల్లోనే కన్నుమూశారు. ఆ వార్త విన్న రోజు మా బడిలో పిల్లలు నన్నడిగారు, కొండ ఎక్కడమంటే ఏమిటి టీచర్, మెట్లుంటాయా అని. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న నాలో చాలా ఏళ్ళు ఉండిపోయింది.

సరే, కొండ దగ్గరికి వద్దాం.

కిలిమంజారోకి మనంతట మనం వెళ్ళడానికి వీల్లేదు. అనుమతి ఉన్న గైడ్ వెంట ఉంటేనే గేటు దాటనిస్తారు. మేం ఆరుగురం. మా ఆరుగురి కోసం గైడ్, అతని సహాయకులు, వంటమనిషి, మూటలు మోసే పోర్టర్లు, అందరూ కలిసి ఇరవైమందికి పైనే వచ్చారు. మచామే అనే ఊరి దగ్గర గేటు. మన తూర్పు కనుమల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరాలు ఎంత ఎత్తుంటాయో, అక్కడ నడక మొదలయ్యేదే దాదాపు అంత ఎత్తు నుంచి.

గేటు దగ్గర నేను మొదట చూసింది కొండను కాదు, మబ్బు కమ్మి అది కనబడనే లేదు. చూసింది ఒక త్రాసు. కొక్కేనికి వేలాడే త్రాసు. పోర్టర్లు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి మూటా తూస్తున్నారు. ఒక మనిషి మీద ఇరవై కిలోలకు మించి పెట్టకూడదని నియమం. నా సంచీ తగిలించారు. రెండు కిలోలు ఎక్కువ. గైడ్ ఏమీ అనలేదు, సంచీ తెచ్చి నా ముందు పెట్టాడు. తీస్తే ఏముంది? గోంగూర పచ్చడి సీసా, ఒక లావుపాటి పుస్తకం, అదనంగా ఒక జత బూట్లు. ఆ మూట ఎత్తుకోవాల్సిన కుర్రాడు పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. నేను ఒక్కో వస్తువూ బయటపెడుతుంటే అతని చూపు ఆ సీసా మీదే ఉంది. సీసాడు పచ్చడి నాకు రుచి. అతనికి అది మెడ మీద బరువు. ఇంట్లో మూట కట్టుకునేటప్పుడు నాకా సంగతి తోచలేదు.

నడక మొదలైంది. మొదలైన నిమిషంలోనే గైడ్ నోటి నుంచి ఆ మాట వచ్చింది. పోలే పోలే.

ఇది అక్కడి స్వాహిలీ భాషలో మాట. పోలే పోలే అంటే మెల్లగా, మెల్లగా అని. ఆ ఏడు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎదురొచ్చే పోర్టరు అంటాడు. వంటమనిషి అంటాడు. వేరే జట్టు గైడ్లూ అంటారు. మా జట్టులో జగిత్యాల వైపు కుర్రాడు ఒకతను ఉన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం. ఇరవయ్యారేళ్ళు. పరుగు పందేల్లో పాల్గొంటాడు, ఒళ్ళు ఉక్కులా ఉంటుంది. అతను నవ్వుతూ అన్నాడు, "మా దిక్కు పోలే అంటే పోలేదని మేడం. ఈయన రెండుసార్లు అంటున్నడు. అసలే పోవద్దన్నట్టా?" అందరం నవ్వాం.

భాష తమాషాలు ఇంకా ఉన్నాయి. గైడ్ నన్ను మామా అని పిలిచేవాడు. తెలుగు చెవికి అదెలా ఉంటుందో మీకు తెలుసు. వాళ్ళకు మామా అంటే అమ్మ. మా జట్టులో అరవై దాటిన పెద్దాయన్ని బాబూ అని పిలిచాడు. ఆయన మురిసిపోయాడు, ఇంత వయసులో నన్ను బాబూ అన్నవాళ్ళు లేరని. తర్వాత తెలిసింది, స్వాహిలీలో బాబు అంటే తాతయ్య.

ఇక ఆ నడక సంగతి. గైడ్ ముందు నడుస్తాడు, మనం వెనక వరసగా. అడుగు ముందు అడుగు, మధ్యలో ఇంకో అడుగు పట్టేంత చోటు కూడా ఉండదు. పెళ్ళిలో ఏడడుగులు ఎలా వేస్తారో చూశారుగా, ఆ వేగం. ఊపిరి ముక్కుతోనే ఆడాలి, పక్కమనిషితో మాట్లాడుతూ నడవగలగాలి. మాట ఆగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు లెక్క. మొదటిరోజు అడవిలో, చుట్టూ నాచు వేలాడే పెద్ద పెద్ద చెట్ల మధ్య, చక్కటి దారి మీద అంత మెల్లగా నడవడం ఆ జగిత్యాల కుర్రాడికి చాలా కష్టమైంది. ముందుకు పోతాడు, గైడ్ పిలుస్తాడు, వెనక్కొస్తాడు. మళ్ళీ పోతాడు.

ఎందుకంత మెల్లగా? ఇది కాస్త నిదానంగా చెబుతాను.

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. శిఖరం మీద మనం ఒక గుండెనిండా ఊపిరి పీలిస్తే, నెల్లూరులో పీల్చిన ఊపిరిలో దొరికే ప్రాణవాయువులో సగమే దొరుకుతుంది. సగమే. అయితే మన ఒంటికి ఒక గొప్ప గుణం ఉంది. టైమిస్తే సర్దుకుంటుంది. ఊపిరి తీరు మార్చుకుంటుంది, రక్తాన్ని మార్చుకుంటుంది. కానీ దానికి రోజులు పడతాయి. కాళ్ళ బలం దాన్ని తొందరపెట్టలేదు. వ్యాయామం చేసిన ఒళ్ళైనా, చెయ్యని ఒళ్ళైనా, కొండ జబ్బు దగ్గర ఒకటే. బలమున్నవాడికి ఇంకో చిక్కు కూడా ఉంది, కాళ్ళు పోగలవు కాబట్టి ఒళ్ళు సర్దుకోకముందే పైకి పోతాడు. మళ్ళీ చెబుతున్నాను, కాళ్ళు పోగలిగినంత వేగంగా పోకూడదు. ఒళ్ళు సర్దుకున్నంత వేగంగానే పోవాలి. పోలే పోలే అంటే అదీ.

రెండో రోజుకి అడవి అయిపోయింది. మనిషెత్తు పొదలు, తర్వాత రాళ్ళు. ఆ రాత్రి షిరా అనే చోట డేరాలు వేశారు. దాదాపు మూడువేల ఎనిమిది వందల మీటర్ల ఎత్తున. భోజనాలకు ముందు గైడ్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వేలికి చిన్న పరికరం పెట్టాడు. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో చూసేది, కరోనా రోజుల్లో మన ఇళ్ళల్లో కూడా ఉండేది, గుర్తుందిగా. తర్వాత ప్రశ్నలు. తలనొప్పి ఉందా? వాంతి వచ్చేలా ఉందా? నిద్ర పట్టిందా? మూత్రం సరిగా వస్తోందా? రోజూ అవే ప్రశ్నలు.

ఆ రోజు నాకు తలనొప్పి ఉంది. లేదని చెప్పాను.

ఎందుకలా చెప్పానంటే, చెబితే కిందికి పంపేస్తారేమోనని భయం. గైడ్ నా కళ్ళల్లోకి చూశాడు, తర్వాత నా పళ్ళెంలోకి చూశాడు. అన్నం అలాగే ఉంది. "మామా, పళ్ళెం అబద్ధమాడదు" అన్నాడు. నాకు సిగ్గేసింది. అప్పుడు నిజం చెప్పాను. అతను కిందికి పంపలేదు. నీళ్ళు తాగించాడు, అల్లం టీ ఇచ్చాడు, రాత్రి రెండుసార్లు వచ్చి డేరా బయట నిలబడి పిలిచి చూశాడు. పొద్దుటికి తగ్గింది. చెప్పినందువల్లే తగ్గే దారి దొరికింది.

మూడో రోజు దారి వింతగా ఉంటుంది. లావా టవర్ అనే ఒక పెద్ద నల్లరాతి బురుజు దాకా, 4,600 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తారు. అక్కడ భోజనం. తర్వాత ఆ ఎక్కిందంతా దింపేసి, ఆరేడు వందల మీటర్ల కింద బరాంకో లోయలో పడుకోబెడతారు. ఇంత కష్టపడి ఎక్కిందంతా దిగడమెందుకు అని విసుగొస్తుంది. ఒంటికి పై గాలి రుచి చూపించి, కింద గాలిలో విశ్రాంతినివ్వడం అది. ఎత్తుకు ఎక్కు, పల్లానికొచ్చి పడుకో. కొండ తెలిసినవాళ్ళ పద్ధతి ఇదే.

ఆ లోయలో ఒక చెట్టును చూశాను. దాన్ని చూడడానికైనా మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. సెనెసియో అంటారు. మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తు. కొమ్మ చివర మాత్రం పెద్ద కాబేజీ విచ్చుకున్నట్టు పచ్చటి ఆకుల గుత్తి. దాని కింద మాను నిండా ఎండిపోయిన ఆకులే. మన చెట్లు ఎండాకు రాల్చేస్తాయి. ఇది రాల్చదు. రాత్రి అక్కడ నీళ్ళు గడ్డకట్టే చలి. పగలు ఎండ. ప్రతి రాత్రీ చలికాలం, ప్రతి పగలూ ఎండాకాలం. అందుకని ఆ చెట్టు తన పాత ఆకులన్నిటినీ గొంగళిలా ఒంటికి చుట్టుకుని నిలబడుతుంది. నేను చేతి తొడుగు తీసి ఆ ఎండాకుల మధ్యకు వేళ్ళు పెట్టాను. బయట మంచు పేరుకుని ఉంది. లోపల పొడిగా ఉంది.

నాలుగో రోజు బరాంకో గోడ. రాళ్ళు పట్టుకుని చేతులతో కూడా ఎక్కాల్సిన చోటు. ఒకచోట కొండరాతిని కౌగిలించుకున్నట్టు ఒరిగి దాటాలి. నేను రెండు చేతులూ రాతికి అతికించి, ఊపిరి బిగబట్టి దాటుతుంటే, నా పక్కనుంచి నెత్తిన మూటతో ఒక పోర్టరు దాటిపోయాడు. పోతూ పోతూ పోలే పోలే మామా అన్నాడు. సాయంత్రం మేం చేరేసరికి మా డేరాలు వేసి, నీళ్ళు కాచి ఉంచింది వాళ్ళే. మేం వచ్చేదాకా పొయ్యి పక్కన నిలబడి ఉన్నదీ వాళ్ళే.

ఆ నీళ్ళ మాట చెప్పాలి మీకు. కరంగా అనే చోట ఒక వాగుంది. శిఖరం వైపు వెళ్ళే ఆ దారిలో నీళ్ళు దొరికే చివరి చోటు అదే. ఆ పై మజిలీ బరాఫు. అక్కడ నీటిచుక్క లేదు. అక్కడ మేం తాగే నీళ్ళు, మా సూపు, మా టీ, అంతా కరంగా వాగు నుంచి పోర్టర్ల నెత్తి మీద వస్తుంది. నేను త్రాసు దగ్గర చూసిన ఆ కుర్రాడే నీళ్ళ డబ్బా ఎత్తుకుని వస్తున్నాడు. 4,600 మీటర్ల పైన, ఎదురుగాలిలో. డేరా ముందు డబ్బా దించాక అతను ఒకచోట కూర్చుని బూటు విప్పాడు. అడుగు అరిగిపోయి ఉంది. మాకిచ్చిన వేణ్ణీళ్ళ గ్లాసులో అడుగున కాస్త మిగిలితే పారబోసే అలవాటు నాకు. ఆ రోజు ఆ అడుగు నీళ్ళు కూడా తాగేశాను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే, మీ పిల్లల్ని పంపాలనుకుంటే, ఒక్క సంగతి ముందే అడగండి. పోర్టర్లకు మంచి బూట్లున్నాయా? పడుకోడానికి డేరా ఉందా? మూడు పూటలా తిండి పెడతారా? కూలి ఎంతిస్తారు? అందరికన్నా చవగ్గా తీసుకెళ్తామనేవాళ్ళు ఉంటారు. ఆ చవక ఎక్కడ నుంచి వస్తుందో ఆలోచించండి. కొండ ఎత్తు ఎవరూ తగ్గించలేరు. తగ్గేది ఆ కుర్రాడి తిండి, ఆ కుర్రాడి బూటు. పోర్టర్ల మేలు చూడడానికి అక్కడ కిలిమంజారో పోర్టర్స్ అసిస్టెన్స్ ప్రాజెక్ట్ అని ఒక సంస్థ ఉంది. చలిబట్టలు లేని పోర్టర్లకు ఊరికే అరువిస్తారు. పోర్టర్లను సరిగా చూసుకునే కంపెనీలేవో కూడా చెబుతారు.

ఈ మనుషుల పేర్లు పుస్తకాల్లో కనపడవు. 1889 అక్టోబరులో హాన్స్ మేయర్ అనే జర్మన్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ అనే ఆస్ట్రియన్ ఈ శిఖరం ఎక్కారని చరిత్ర రాసుకుంది. వాళ్ళతో నడిచిన స్థానికులున్నారు. చగ్గా తెగవాళ్ళు, కొండ కింద అరటి, కాఫీ తోటలు పెంచుకునేవాళ్ళు. మేయర్ జట్టుకు దారి చూపింది మా యోహాని లావో అని మరంగు ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా గైడ్ కూడా చగ్గానే. లావో పేరు ఎత్తినప్పుడు అతను టోపీ సర్దుకున్నాడు.

ఇక ఆ రాత్రి దగ్గరికి వచ్చాం.

జనవరి 25. బరాఫు మజిలీ. బరాఫు అంటే మంచు. మర్నాడు తెల్లవారేసరికి శిఖరం మీద ఉండాలి. జనవరి 26 పొద్దున్నే అక్కడ మన జెండా పట్టుకోవాలని మన తెలుగువాళ్ళు చాలామంది ఆ తేదీ చూసుకునే వస్తారు. జగిత్యాల కుర్రాడి సంచీలో జెండా ఉంది. ఊళ్ళో ఫ్లెక్సీ కూడా తయారుగా ఉందని మొదటిరోజే చెప్పాడు. శిఖరం మీద ఫోటో పంపగానే దాన్ని అందులో పెట్టి అచ్చేయించడమే తరువాయి.

సాయంత్రం అతను నా డేరా దగ్గరికి వచ్చాడు. "మేడం, తలనొప్పి గోలీ ఉంటే ఒకటియ్యండి. గైడ్‌కు మాత్రం చెప్పకండి" అన్నాడు.

నేను ఇచ్చాను. చెప్పలేదు.

ముప్పై ఏళ్ళు బళ్ళో పనిచేశాను. పిల్లలు దాచిన సంగతులు ఎన్ని పట్టుకున్నానో. షిరాలో నేనే దాచి, చెప్పాక బాగుపడినదాన్ని. అయినా ఆ సాయంత్రం నోరు మెదపలేదు. అతని కళ్ళల్లో ఆ ఫ్లెక్సీ కనపడింది నాకు. పాడు చెయ్యడానికి మనసొప్పలేదు.

అర్ధరాత్రి బయల్దేరాం. ఎందుకు రాత్రి అంటే, పైన గులకరాళ్ళ వాలు పగలు ఎండకు వదులై కాలు జారుతుంది. రాత్రి గడ్డకట్టి గట్టిగా ఉంటుంది. పైగా మబ్బులు కమ్మేలోపు ఎక్కి దిగాలి. నుదుటి మీద దీపం. ముందు మనిషి బూటు మడమ తప్ప ఇంకేం కనపడదు. తలెత్తితే కొండ మీద దీపాల వరస, చుక్కల్లో కలిసిపోతూ. ఏది దీపమో, ఏది చుక్కో తెలియదు. సీసాలో నీళ్ళు మూత దగ్గర ముందు గడ్డకడతాయని సీసా తలకిందులుగా పెట్టుకోమన్నారు. ఎవరూ మాట్లాడడం లేదు. గైడ్లు మాత్రం పాడుతున్నారు. ఆ చీకట్లో, ఆ చలిలో, వాళ్ళకు పాడే ఊపిరి ఉంది.

ఐదువేల రెండు వందల మీటర్లు దాటామేమో. గైడ్ ఆగాడు. వెనక్కొచ్చి ఆ కుర్రాడి ముందు నిలబడ్డాడు. అతను తాగినవాడిలా అటూ ఇటూ పడుతూ నడుస్తున్నాడు. కాస్త చదునుగా ఉన్న చోట గైడ్ బూటుతో ఒక గీత గీసి, దాని మీద ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్ళు ఆనించి నడవమన్నాడు. మనం చిన్నప్పుడు గోలీలాటలో అడుగులు కొలిచేవాళ్ళమే, అలా. ఆ కుర్రాడు రెండో అడుగుకే పక్కకి ఒరిగాడు. మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ ఒరిగాడు. తలనొప్పి ఉందా అంటే లేదన్నాడు.

అప్పుడు నేను చెప్పాను, మాత్ర ఇచ్చానని.

గైడ్ నా వైపు ఒక్క క్షణం చూశాడు. ఏమీ అనలేదు. అతను తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

శ్రోతలారా, తలనొప్పి కొండ మీద చాలామందికి వస్తుంది, తగ్గుతుంది. కానీ నడక తూలుతోందంటే, మాట తడబడుతోందంటే, మెదడుకు వాపు మొదలైందని అర్థం. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. రెండూ ప్రాణం తీసేవే. గంటల్లో తీసేవి. ఆక్సిజన్ పెట్టొచ్చు, మందివ్వొచ్చు. అవన్నీ దిగడానికి సాయమే. అసలు మందు ఒక్కటే, దిగడం. వెంటనే దిగడం. ఇంకోసారి చెబుతాను, తూలు వస్తే దిగడమే. తెల్లారనీ అనకూడదు. ఇంకొంచెమేగా అనకూడదు.

ఆ కుర్రాడు అదే అన్నాడు, ఇంకొంచెమేగా అని. బతిమాలాడు. కోప్పడ్డాడు. ఏడ్చాడు. గైడ్ వాదించలేదు. తన చేతి తొడుగులు తీసి, ఆ కుర్రాడి కోటు గుండీలు ఒక్కొక్కటీ పెట్టాడు. బడికి పోయే పిల్లాడికి పెట్టినట్టు. టోపీ చెవుల మీదికి లాగాడు. వీపు మీద చెయ్యి వేసి ఒక్కసారి అన్నాడు, పోలే.

ఒక్కసారే. రెండోసారి అనలేదేమిటా అనుకున్నాను. తర్వాత తెలిసింది. పోలే పోలే అంటే మెల్లగా. ఒక్క పోలే అంటే అయ్యో నాయనా అని. ఎవరికైనా దెబ్బ తగిలితే, ఎవరైనా పోతే, స్వాహిలీలో ఆ మాటే అంటారు.

సహాయ గైడ్ ఒకతను అతని చంక కింద చెయ్యి వేసి పట్టుకుని దింపసాగాడు. రెండు దీపాలు కిందికి పోతున్నాయి, మిగతావన్నీ పైకి. జెండా నాకిమ్మని అడుగుదామా అనుకున్నాను. అడగలేదు. అది అతనిది.

మేం ఐదుగురం స్టెల్లా పాయింట్ చేరేసరికి తూర్పు ఎర్రబడింది. ఇంకో గంట నడిస్తే ఉహురు శిఖరం. ఉహురు అంటే స్వాతంత్ర్యం. జర్మనీ పాలనలో ఆ శిఖరానికి తమ చక్రవర్తి పేరు పెట్టుకున్నారు. 1961 డిసెంబర్ 9న ఆ దేశానికి స్వతంత్రం వచ్చినప్పుడు దాని మీద కాగడా వెలిగించి, జెండా పాతి, ఆ పేరు మార్చుకున్నారు. పక్కనే మంచుగడ్డల గోడ. భూమధ్యరేఖకు అంత దగ్గర మంచు ఉందని 1848లో యోహానెస్ రెబ్మాన్ అనే పాదిరీ చెబితే యూరప్‌లో చాలామంది పండితులు నమ్మలేదట. ఇప్పుడు ఆ మంచే పోతోంది. 1912 నాటికి ఉన్నదానిలో నూరింట ఎనభై ఐదు వంతులు వందేళ్ళలో మాయమైంది. తాను కుర్రాడిగా మూటలు మోసిన రోజుల్లో ఆ గోడ దారి దగ్గరిదాకా ఉండేదని గైడ్ చెయ్యి చాచి చూపించాడు. ఇప్పుడు అక్కడ బూడిదరంగు మట్టి.

అంత ఎత్తున నాకు గుర్తున్నది సూర్యోదయం కన్నా ఆ రెండు దీపాలే. ఫోటో తీస్తున్నప్పుడు కూడా కిందికి పోయిన ఆ రెండు దీపాలు ఎక్కడున్నాయోనని వెతుక్కున్నాను.

మన పిల్లలు కొండలెక్కుతున్నారు. చాలా సంతోషం. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఇంకా పద్నాలుగేళ్ళు నిండకుండానే, ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. గురుకులం బళ్ళో చదువుకుని, భువనగిరి గుట్ట మీద సాధన చేసిన పిల్లలు. వాళ్ళను చూసి ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పిల్లలు కొండల వైపు తలెత్తి చూశారో. కానీ ఒక్క మాట. పిల్లల్ని పంపేముందు ఫ్లెక్సీ కొట్టించకండి. తేదీ పెట్టకండి. పైకెక్కితేనే దండ అని చెప్పకండి. దిగి రమ్మంటే దిగి వచ్చిన పిల్లకీ, పిల్లాడికీ బస్టాండులో అదే దండ ఉంటుందని ముందే చెప్పి పంపండి. ఆ మాట మనం చెప్పకపోతే, వాళ్ళు తలనొప్పి దాస్తారు. నాలాంటివాళ్ళు మాత్ర ఇస్తారు.

ఆ మధ్యాహ్నం మ్వేకా మజిలీకి దిగాం. 3,100 మీటర్లు. డేరా ముందు ఆ కుర్రాడు కూర్చుని సూపు తాగుతున్నాడు. మాట స్పష్టంగా ఉంది, నడక తిన్నగా ఉంది. తెల్లారే లోపలే తల తేలికైందన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. నేను పక్కన కూర్చుని క్షమించమన్నాను. "మీరెందుకు మేడం" అన్నాడు. ఎందుకో చెప్పాను.

మర్నాడు కొండ దిగి మోషీ పట్నం చేరాం. గైడ్ మమ్మల్ని ఒక చిన్న హోటలుకు తీసుకెళ్ళాడు. ఉగాలి తెప్పించాడు. మొక్కజొన్న పిండి ఉడికించి గట్టిగా కెలికిన ముద్ద. పక్కన తోటకూర లాంటి ఆకుకూర. ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేసి, కూరలో అద్దుకుని తినాలి. మన సంకటి తిన్న చేతులకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆ కుర్రాడు తింటూనే వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. ఒక చెయ్యి ముద్దలో ఉంది కాబట్టి ఫోన్ బల్ల మీద పెట్టాడు. అందరికీ వినపడుతోంది.

"అమ్మా, నేను పైకి పోలే."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"ఏమైంది బిడ్డా?"

"తల నొచ్చింది. తూలు వచ్చింది. గైడన్న కిందికి తోలిండు."

"ఇప్పుడు మంచిగున్నవా?"

"మంచిగున్న."

"తిన్నవా?"

"తింటున్న. మన మక్కగటక లెక్కనే ఉన్నదమ్మా, ఆకుకూరతోని."

"మక్కగటకనా?" అంది ఆ తల్లి. "ఆడ గూడ చేస్తరా?"